ఇంకెంత తగ్గాలి అక్కా?

(నర్సంపేట వైపు నుంచి ఒక చెల్లి రాసిన ఉత్తరం. పొడుగ్గా ఉంది కాబట్టి ముఖ్యమైన భాగమే ఇస్తున్నాం. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాం.)

వందనాలు అక్కా. మాకు సొంతం ఎకరం ఉంది. ఈసారి ఇంకో మూడెకరాలు కౌలుకు పట్టి మొత్తం మిర్చి పెట్టాం. పూత మీద నల్ల తామర పురుగు పడింది. ఎన్ని మందులు కొట్టినా ఆగలేదు. ఏరిన నాలుగు బస్తాల్లో సగం తాలే. మందుల షాపులో రెండు లక్షలు, మా బావగారి దగ్గర నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చినవి లక్షన్నర, మహిళా సంఘంలో యాభై వేలు కట్టాలి. ఇవి కాక, ఆడబిడ్డ కూతురి ఫంక్షన్‌కు చీర, ఉంగరం పెట్టకపోతే పరువు పోతుందని మైక్రో ఫైనాన్స్‌లో నలభై వేలు తీసుకున్నాను. అది ఆయనకు చెప్పలేదు. ఇప్పుడు వాళ్లు రాత్రి ఎనిమిదింటికి కూడా ఫోన్ చేస్తున్నారు. ఆయన మాట్లాడడం తగ్గించేశారు. అన్నం సరిగా తినరు, రాత్రిళ్లు చేను దగ్గర కొట్టంలో పడుకుంటున్నారు. బావగారు మా చర్చి సంఘ పెద్ద. అప్పు కింద ఎకరం తన పేరున రాయమంటున్నారు. సంక్రాంతికి అందరం కూర్చున్నచోట మా యారాలు, ‘చర్చికి ఇవ్వాల్సిన దశమభాగం ఎగ్గొడితే దేవుడు పురుగును పంపడా మరి’ అంది. బిడ్డ హనుమకొండలో డిగ్రీ రెండో సంవత్సరం. మానిపించి పెళ్లి చేయమంటున్నారు. పాస్టరు అయ్యగారికి చెప్పుకుంటే, ‘తగ్గించుకో అమ్మా, తగిన కాలంలో దేవుడే హెచ్చిస్తాడు’ అని ప్రార్థన చేసి పంపారు. చర్చి కట్టడానికి ఇస్తామన్న పదివేలు కూడా గుర్తుచేశారు. వచ్చే నెల చర్చిలో కోత పండుగ. ఏం పట్టుకుని పోవాలి? నిరుడు పదిమంది కైకిలోళ్లను పెట్టి ఏరించిన దాన్ని, ఇప్పుడు పక్కింటామె నన్నే తన చేను ఏరడానికి రమ్మంటోంది. ప్రార్థనకు కూర్చుంటే మాట రావడం లేదు. చర్చికి పోవడం మానేద్దామనిపిస్తోంది. ఇంకెంత తగ్గాలి అక్కా?

చెల్లీ,

నీ ఉత్తరంలో అప్పుల గురించి ఒక పేజీ ఉంది, యారాలి మాట గురించి దాదాపు ఇంకో పేజీ ఉంది. మీ ఆయన కొట్టంలో పడుకుంటున్న సంగతి మాత్రం ఒక్క వాక్యంలో రాసి దాటేశావు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. మిగతావి రేపు చూసుకోవచ్చు. ఇది ఇవాళ్టి పని.

పంట పోయిన మనిషి మాట తగ్గించి, తిండి తగ్గించి, ఒంటరిగా చేను దగ్గర పడుకుంటున్నాడంటే ‘నాలుగు రోజులైతే సర్దుకుంటాడులే’ అని ఊరుకోవద్దు. ఈ రాత్రి నుంచి ఆయన ఇంట్లో, మీ మధ్య పడుకోవాలి. కొట్టంలో మిగిలిపోయిన పురుగుమందు, గడ్డిమందు డబ్బాలు ఉంటే మీ తమ్ముడితోనో పక్కింటివాళ్లతోనో చెప్పి అక్కడి నుంచి తీయించెయ్. ఆ పని ఆయనకే చెప్పొద్దు. తర్వాత ఆయన పక్కన కూర్చుని నేరుగా అడుగు: ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా ఏమీ కాదు. ఎవరో ఒకరు అడిగారన్న ధైర్యంతో మనిషి నోరు విప్పుతాడు. అవునన్నా, జవాబు చెప్పకుండా కళ్లు దించుకున్నా ఆయన్ను ఒంటరిగా వదలకు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యుల విభాగం ఉంది, అక్కడికి తీసుకుపో. ఏ వేళప్పుడైనా టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయొచ్చు. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

‘డాక్టరు దగ్గరికి పోతే విశ్వాసం తక్కువని అంటారేమో’ అని నీకు అనిపిస్తుంది. ఏలీయా సంగతి గుర్తు తెచ్చుకో. కర్మెలు కొండ మీద అంత పెద్ద కార్యం చూసిన ప్రవక్త, కొద్ది రోజులకే అడవిలోకి పోయి ఒక చెట్టు కింద కూర్చుని ‘ప్రభువా, ఇక చాలు, నా ప్రాణం తీసుకో’ అన్నాడు. దేవుడు ఆయనకు ప్రసంగం చేయలేదు. దూత వచ్చి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ముందు పెట్టింది. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చింది. రెండోసారి లేపి మళ్లీ తినమంది. కొండ, మెల్లని స్వరం, కొత్త పని అన్నీ ఆ తర్వాత వచ్చినవే. మీ ఇంట్లో ఇప్పుడు కావలసింది ఆ రొట్టె, నీళ్లు, నిద్ర. ఉపవాస ప్రార్థన పెట్టిస్తే పెట్టించు, కానీ అందులో ఆయన్ను పస్తు పెట్టొద్దు.

ఇక పురుగు సంగతి.

నల్ల తామర పురుగు ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. మన దేశంలో దాన్ని మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద గుర్తించారు. 2021లో ఆంధ్ర, తెలంగాణ మిర్చి చేల మీద పడి వరంగల్, ములుగు, భూపాలపల్లి, ఖమ్మం రైతుల్ని కుదేలు చేసింది. నువ్వు చూసే ఉంటావు, పూవు తెంపి అరచేతిలో తడితే నల్లగా, నలుసంత ఉన్నవి రాలి పాకుతాయి. పూవు లోపల దాక్కుంటుంది కాబట్టి మందు అందదు. పూత రాలిపోతుంది, నిలిచిన కాయ వంకర తిరుగుతుంది. అది ఏ చేను మీద వాలాలో దశమభాగం రసీదు చూసి తేల్చుకోదు. అప్పుడు గుడికి పోయేవాళ్ల చేను పోయింది, దర్గాకు పోయేవాళ్ల చేను పోయింది, పదో వంతు లెక్క తప్పకుండా ఇచ్చే మనవాళ్ల చేను కూడా పోయింది. దేవుడు నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా వాన కురిపిస్తాడని యేసు అన్నాడంటే, అనావృష్టీ తెగులూ కూడా అలాగే అందరి మీదా వస్తాయని మనకు అర్థం కావాలి.

మీ యారాలు ఆ మాట మలాకీ గ్రంథంలోంచి తెచ్చింది. మూడో అధ్యాయం పదకొండో వచనంలో పంటను తినివేసే పురుగుల్ని గద్దిస్తానని ఉంది, నిజమే. దశమభాగం గురించి మాట్లాడేటప్పుడు మన సంఘాల్లో ఎక్కువగా వినపడేది ఆ భాగమే. అదే అధ్యాయం అయిదో వచనంలో కూలివాళ్లను కూలి విషయంలో బాధపెట్టేవాళ్ల మీద, విధవరాండ్రను, తండ్రిలేనివాళ్లను అణచేవాళ్ల మీద సాక్ష్యం చెప్పడానికి దేవుడే వస్తానంటున్నాడు. పదకొండు దాకా పోయినవాళ్లు అయిదు దగ్గర ఎందుకు ఆగరో నాకు అర్థం కాదు. అన్నిటికన్నా ముందు, ఆ ప్రవక్త మాట్లాడింది ఒక జాతితో, కుంటివీ గుడ్డివీ బలికి తెచ్చిన యాజకులతో. పంట పోయి కూర్చున్న ఒక ఆడమనిషిని పండుగ పూట నలుగురిలో పొడవడానికి ఆ మాట రాసిపెట్టలేదు.

పుట్టుగుడ్డిని చూసి శిష్యులు కూడా ఇదే అడిగారు: వీడు పాపం చేశాడా, వీడి కన్నవాళ్లు చేశారా అని. ఇద్దరూ కాదన్నాడు ప్రభువు. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా నేల మీద ఆయన పక్కన కూర్చున్నారు. అన్ని రోజులూ వాళ్లు మంచి స్నేహితులే. నోరు విప్పాకే చెడగొట్టారు.

మెదక్ పెద్ద చర్చి చూశావు కదా, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించింది. దాని గురించి మనవాళ్లు చెప్పుకునే మొదటి సంగతి దాని ఎత్తు కాదు. కరువులో ఆకలితో వచ్చిన జనానికి, దాన్ని కట్టించిన మిషనరీ పోస్నెట్ దొరగారు ఆ కట్టడం మీద పని చూపించి కూడు పెట్టారన్నదే. కరువొచ్చినప్పుడు సంఘం చేయాల్సిన పని ఏమిటో మన ఉత్తర తెలంగాణ క్రైస్తవులకు ఆ రాళ్లను చూస్తే చాలు, తెలుస్తుంది.

ఇప్పుడు నీ ప్రశ్న: ఇంకెంత తగ్గాలి?

మీ అయ్యగారు చెప్పింది పేతురు మాట. దేవుని బలిష్ఠమైన చేతి కింద దీనమనస్సుతో ఉండమని. అందులో చెయ్యి ఎవరిదో చూడు. దేవుడిది. బావగారిది కాదు, మైక్రో ఫైనాన్స్ ఏజెంటుదీ కాదు. ఆ వెంటనే ఉన్న వాక్యం మీ చింత అంతా ఆయన మీద వేయమంటుంది, ఆయన మీ గురించి చింతిస్తున్నాడు గనుక. నిన్ను వంచేది ఒక చెయ్యి, నీ మూట దించేది ఇంకో చెయ్యి కాదు. రెండూ ఒకరివే. నీ నెత్తిమీద మూట అలాగే ఉంచి ఇంకా వంగమనే చెయ్యి ఆయనది కాదని నా నమ్మకం.

యేసు శిష్యుల కాళ్లు కడిగిన రాత్రి గురించి రాస్తూ యోహాను ఒక సంగతి ముందు చెబుతాడు. తండ్రి సమస్తం తన చేతికి అప్పగించాడనీ, తాను దేవుని దగ్గర నుంచి వచ్చాననీ యేసుకు తెలుసు. తెలిసే, భోజనం దగ్గర నుంచి లేచి తువాలు నడుముకు కట్టుకున్నాడు. ఎవరూ లేవమనలేదు, ఎవరూ ఆయన్ను నేలకు నొక్కలేదు. ఫిలిప్పీ పత్రికలో ఉన్నదీ అదే, పైన ఉన్నవాడు కావాలని దిగి రావడం. అలాంటప్పుడు మీ ఊళ్లో తగ్గించుకోమన్న మాట ముందు ఎవరితో చెప్పాలి? నూటికి మూడు రూపాయలు తీసుకుంటున్న సంఘ పెద్దతోనా, ఇచ్చుకోలేక కుమిలిపోతున్న తమ్ముడి భార్యతోనా? మన సంఘాల్లో ఈ ప్రసంగం ఎప్పుడూ వంగినవాళ్ల వీపు మీదే పడుతుంది. అయ్యగార్లు కోప్పడినా సరే, ఈ మాట అనక తప్పదు.

అయినా నువ్వు తగ్గాల్సిన చోటు ఒకటుంది. కాస్త కోప్పడే చెబుతున్నాను, ఏమనుకోకు.

ఇంట్లో పంట పోతుంటే నలభై వేలు అప్పు తెచ్చి ఉంగరం పెట్టావు. మొగుడికి చెప్పలేదు. యారాలి ముందు, ఆడబిడ్డ ముందు తక్కువ కాకూడదన్న పట్టుదల అది. అందరూ చేసేదే. మన దగ్గర ఫంక్షన్ల వల్ల మునిగినన్ని ఇళ్లు కరువు వల్ల కూడా మునిగి ఉండవేమో. కానీ ఇంకెంత తగ్గాలి అని నన్ను అడిగిన నువ్వే, ఆ ఒక్కచోట అంగుళం కూడా తగ్గలేదు. అందుకే ఆ అప్పు నిన్ను అన్నిటికన్నా ఎక్కువ తినేస్తోంది. బావగారి అప్పు నలుగురికీ తెలుసు. ఇది ఎవరికీ తెలీదు.

రెండో రాజుల గ్రంథం నాలుగో అధ్యాయంలో విధవరాలి కథ నీకు తెలుసు, సండే స్కూల్లో నూనె అద్భుతం అని చెప్పేది. అప్పులవాడు ఇద్దరు కొడుకుల్ని పట్టుకుపోవడానికి వస్తున్నాడని ఆమె ఎలీషా దగ్గర మొరపెట్టుకుంది. ఎలీషా ఆమె పాపాల గురించి అడగలేదు. ఇంట్లో ఏముందని అడిగాడు. నూనె కుండ ఒక్కటే ఉందంది. ఇరుగుపొరుగు దగ్గర వట్టి పాత్రలు అడిగి తెచ్చుకో, తక్కువ తేవద్దు అన్నాడు. మనం నూనె దగ్గరికి పరుగెత్తి ఈ ముక్క వదిలేస్తాం. ఆ తల్లి ఎన్ని గడపలు ఎక్కి ఉంటుంది! ప్రతి గడప దగ్గరా ‘ఎందుకమ్మా ఇన్ని పాత్రలు’ అని అడిగి ఉండరా? ఆమె ఇంట్లో ఏమీ లేదన్న సంగతి ఆ పూట వాడకట్టు మొత్తానికీ తెలిసిపోయి ఉంటుంది. ఆ తర్వాతే తలుపు వేసుకోమన్నాడు. నూనె పోసింది మూసిన తలుపు వెనక, పాత్రలు తెచ్చింది మాత్రం పట్టపగలు అందరి ఎదుటా. చివర్లో చెప్పింది కూడా చాలా లెక్కగా చెప్పాడు: నూనె అమ్ము, అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ పిల్లలూ బతకండి.

నువ్వు కూడా వట్టి పాత్రలు బయటపెట్టాలి. మీ ఆయన కాస్త తేరుకున్నాక, డాక్టరు దగ్గరికి ఒకసారి పోయొచ్చాక, ఒక పూట ఇద్దరూ కూర్చోండి. మీ బిడ్డ హనుమకొండ నుంచి వస్తే తనూ ఉండాలి. ఒక నోటుబుక్కులో ఎవరికి ఎంత, మిత్తి ఎంత, ఎప్పటికి కట్టాలి అన్నీ రాయండి. నలభై వేలు కూడా అందులో రాయి, నీ చేత్తోనే రాయి. ఆయనకు కోపం రావచ్చు. రానీ. మీ లెక్క మొత్తం నాలుగు లక్షల నలభై వేలు. అంత పెద్ద మొత్తం చూస్తే గుండె ఆగినట్టు ఉంటుంది, నిజమే. కానీ ఇప్పుడు మీ ఆయన మనసులో ఉన్నది ఇంకా పెద్దది, ఎందుకంటే దానికి అంకె లేదు.

ఆ లెక్కలో ముందు చూడాల్సింది బావగారి అప్పు. నూటికి మూడు రూపాయలంటే లక్షన్నరకు నెలకు నాలుగున్నర వేలు, ఏడాదికి 54,000. రెండేళ్లకు మిత్తే లక్షా ఎనిమిది వేలు అవుతుంది. ఆ ఎకరం ధర ఎంతో నీకూ తెలుసు, ఆయనకూ తెలుసు. కాబట్టి ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. బాండ్ పేపరైనా, తెల్ల కాగితమైనా, ఖాళీ ప్రామిసరీ నోటైనా వద్దు. తహసీల్దార్ ఆఫీసులో స్లాట్ బుక్ చేశామని పిలిచినా పోవద్దు. 2020 నుంచి వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ అక్కడే ఒకే విడతలో అయిపోతున్నాయి. తర్వాత ఏడ్చినా ఆ భూమి వెనక్కి రావడం చాలా కష్టం. మీ ఆయన మనసు బాగాలేని ఈ రోజుల్లో ‘రాసిచ్చేస్తే పీడా పోతుంది’ అనిపిస్తుంది, ఇద్దరికీ. అందుకే ముందే చెబుతున్నాను.

అలాగని అప్పు ఎగ్గొట్టమని కాదు. తెచ్చింది కట్టాలి. మత్తయి పద్దెనిమిదో అధ్యాయం ప్రకారమే నడవండి. ముందు మీరిద్దరూ పోయి బావగారితో మాట్లాడండి. వినకపోతే అయ్యగారినీ ఇంకొక పెద్దమనిషినీ వెంటబెట్టుకుని పొండి. అడగాల్సింది ఇది: ‘అసలు కడతాం. ఇవాళ్టి నుంచి మిత్తి ఆపండి. ఏడాదికి ఇంత చొప్పున గడువు ఇవ్వండి.’ అయ్యగారు వెనకాడితే నెహెమ్యా అయిదో అధ్యాయం చదవమని చెప్పు. పొలాలు, ద్రాక్షతోటలు కుదువపెట్టి పిల్లల్ని దాస్యానికి పంపుతున్నామని జనం మొరపెట్టుకుంటే, నెహెమ్యా వాళ్లను తగ్గించుకోమనలేదు. ఆయనకు బాగా కోపం వచ్చింది. సహోదరుల దగ్గర వడ్డీ తీసుకుంటున్న ప్రధానుల్నీ అధికారుల్నీ సభలో నిలబెట్టి, పొలాలు తిరిగి ఇప్పించాడు.

అప్పటికీ ఒత్తిడి ఆగకపోతే హనుమకొండ కోర్టు ప్రాంగణంలో న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఫోన్ నంబరు 15100. కేసు వేయడమే పాపమన్నట్టు కొందరు మాట్లాడతారు, పట్టించుకోకు. ప్రధాన యాజకుడి ఎదుట బంట్రోతు చెంపదెబ్బ కొడితే యేసు తిరిగి కొట్టలేదు. ఊరుకోనూ లేదు. నేను కాని మాట అంటే అదేమిటో చూపించు, మంచి మాటే అంటే నన్నెందుకు కొడుతున్నావు అని అడిగాడు. యారాలు మళ్లీ నలుగురిలో ఏమన్నా అంటే నువ్వు కూడా గొంతు పెంచకుండా ఒక్క మాట చెప్పి లేచిరా: ‘అక్కా, పంట పోయింది నిజం, మీకు బాకీ ఉన్నది నిజం. మా పాపం సంగతి దేవుడు చూసుకుంటాడు, బాకీ సంగతి బావగారితో మాట్లాడతాం.’ ఇంతే. ఆమె ఇంట్లో చేసిన తప్పులు ఎత్తిపొడవొద్దు, నోటి దాకా వస్తుంది, అయినా వద్దు.

మైక్రో ఫైనాన్స్ వాళ్ల విషయంలో రిజర్వ్ బ్యాంకు నిబంధనలు 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి. పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం ఆరు దాటాక ఫోన్ చేయకూడదు. తిట్టకూడదు, బెదిరించకూడదు, చుట్టాల్నీ పక్కింటివాళ్లనూ వేధించకూడదు. రాత్రి ఎనిమిదింటి ఫోన్ల తేదీలు నోటుబుక్కులో రాసిపెట్టు. ముందు ఆ కంపెనీకే ఫిర్యాదు రాసి ఇవ్వు. వాళ్లు పట్టించుకోకపోతే ఏం చేయాలో రిజర్వ్ బ్యాంకు నంబరు 14448కి అడిగితే చెబుతారు. మహిళా సంఘంలో మాత్రం దాచకుండా చెప్పు. ఆ పదిమందీ నీలాంటివాళ్లే.

బిడ్డ చదువు మాన్పించొద్దు. ఇందులో చర్చ లేదు. డిగ్రీ రెండో సంవత్సరంలో ఆపి పెళ్లి చేస్తే అయ్యే ఖర్చు ఆ నోటుబుక్కులో ఇంకో పేజీ అవుతుంది.

కైకిలి సంగతి. పక్కింటామె రమ్మంటే పో. నిరుడు నువ్వు పిలిచిన పదిమందిలో ఇద్దరో ముగ్గురో ఈసారి నీ పక్క సాలులోనే ఏరుతుంటారు. మొదటిరోజు తల ఎత్తబుద్ధి కాదు, మిరప ఘాటుకు కళ్లు మండుతున్నాయని వంక పెట్టుకోవచ్చు. రూతు కూడా పరాయి ఊళ్లో పరాయి చేలో పరిగె ఏరింది. ఆమెను సిగ్గుపరచొద్దని బోయజు తన పనివాళ్లకు గట్టిగా చెప్పాడు. నిన్ను పిలిచిన ఆమె కూడా అదే మనసుతో పిలిచిందేమో, ఎగతాళికని ఎందుకనుకోవాలి? వారానికొకసారి చేతికొచ్చే ఆ కూలి డబ్బులతో ఇంట్లో ఉప్పు పప్పు నడుస్తుంది. ఇంకో సంగతి, పొద్దున్నే సద్ది కట్టుకుని పోయి పదిమందిలో పడి మాట్లాడుకుంటూ పని చేస్తే నీకూ కాస్త ఊపిరాడుతుంది. మీ ఆయన కోలుకునే కొద్దీ ఆయనకూ ఏదో ఒక పని ఉండాలి. వచ్చే ఏడు మళ్లీ మూడెకరాలు కౌలుకు పట్టి మిర్చితోనే పోగొట్టింది మిర్చితోనే రాబట్టాలన్న మాట మాత్రం రానీయొద్దు. ఆ పందెం చాలామందిని ముంచింది.

చర్చికి ఇస్తామన్న పదివేల గురించి. అయ్యగారి దగ్గరికి పోయి, ‘పంట వస్తే ఇస్తామన్నాం, పంట రాలేదు, ఇప్పుడు ఇవ్వలేం’ అని చెప్పండి. సిద్ధమైన మనసు ఉంటే, ఉన్నదాన్నిబట్టే ఇచ్చింది దేవునికి ఇష్టం, లేనిదాన్నిబట్టి కాదని పౌలు కొరింథీయులకు రాశాడు. మిత్తికి తెచ్చి కానుక వేయొద్దు. దేవుని పేరు చెప్పి కన్నవాళ్లకు పెట్టాల్సింది ఎగ్గొట్టినవాళ్ల మీద యేసుకు ఎంత కోపం వచ్చిందో మార్కు ఏడో అధ్యాయంలో ఉంది. మీ ఇంట్లో ఆయన మందులు, బిడ్డ బస్ పాస్ ఆ పదివేలకన్నా ముందు.

కోత పండుగ రోజు ఇంటి దగ్గర సొరకాయ కాస్తే సొరకాయ పట్టుకుపో. అది కూడా లేకపోతే, వంటకు బియ్యం పోసేటప్పుడు పిడికెడు పక్కన తీసిపెట్టే అలవాటు మన పాతకాలపు తల్లులకు ఉండేది కదా, ఆ పిడికెడు తీసుకుపో. వేలంపాటలో బావగారు మిర్చి బస్తా పెట్టినా, కోడిపుంజును పెట్టినా చూసి సంతోషించగలిగితే సంతోషించు, లేకపోతే వెనక వరసలో కూర్చో. మానేయడం మాత్రం ఇప్పుడే వద్దంటాను. నీ మీద నాకు అధికారం లేదు, మరీ భరించలేకపోతే రెండు ఆదివారాలు పక్క ఊరి సంఘానికి పోయిరా, దేవుడు హాజరు పట్టీ పట్టుకుని కూర్చోడు. కానీ ఒంటరిగా ఇంట్లో కూర్చోవద్దు, మీ ఇంట్లో ఇప్పటికే ఒకరు ఒంటరిగా ఉన్నారు.

ప్రార్థన రావడం లేదన్నావు. ఎనభై ఎనిమిదో కీర్తన తెరువు. మిగతా విలాప కీర్తనల్లో చాలావాటిలో చివరికొచ్చేసరికి ఏదో ఒక ఆశ ఉంటుంది. దీంట్లో ఉండదు. చీకటే నాకు బంధువర్గమైందని చెప్పి అక్కడితో ఆగిపోతుంది. అది కూడా మన లేఖనాల్లో ప్రార్థన కిందే ఉంది, ఎవరూ తీసేయలేదు. నీకు మాట రానప్పుడు అది బయటికి చదువు, అంతకుమించి ఏమీ కలపక్కర్లేదు. ‘హల్లెలూయా’ అనలేకపోతున్నానని బాధపడకు. సాక్ష్యం చెప్పమని ఎవరైనా లేపితే, ‘నా కోసం ప్రార్థన చేయండి, మా ఇంట్లో కష్టంగా ఉంది’ అని కూర్చో. గొప్ప విజయం జరిగినట్టు చెప్పాల్సిన పని లేదు.

ఈ జవాబు మీ అయ్యగారికి చూపించాలనుకుంటే చూపించు, నాకేం అభ్యంతరం లేదు. మంచి మనిషే అయి ఉంటారు, ఏం చేయాలో తోచక ఆ ఒక్క మాట చెప్పి పంపి ఉంటారు. ఎంజీఎంకు పోయేరోజు ఆయన్ను తోడు రమ్మని అడుగు. మీ ఆయన నీ మాట వినకపోయినా, అయ్యగారు బండి తెచ్చి గడప ముందు నిలబడితే కాదనకపోవచ్చు.

పోయొచ్చాక నాకు రెండు ముక్కలు రాయి. డాక్టరు ఏమన్నారో రాయి, నోటుబుక్కు ముందు కూర్చున్నారో లేదో రాయి. పేరు అక్కర్లేదు, ‘నర్సంపేట చెల్లి’ అంటే చాలు.